ఇరుపక్కలా అభ్యంతరం లేదు

భరణి కార్తె, మూడో రోజు

ఈ సాయంత్రం అప్పీళ్ల బోర్డు మూడో వీధిలో ఒక్క దరఖాస్తు విన్నది. నేత నేసే సుంకన్నకు ఇంటి ముందు మగ్గం పట్టేంత గూడు కావాలట. వీధిలో గాలి పారడానికి గీసిన గీత దాటి మూడడుగులు.

బోర్డు అంటే ముగ్గురం. అధ్యక్షురాలిగా నేను, మేస్త్రీ పని మానేసిన ఓబుళరెడ్డి, పంపుహౌసులో పనిచేసే మస్తాన్‌బీ. ఆనవాయితీ ప్రకారం సుంకన్న ముందే వెదురుబద్దలతో గూడు నమూనా నిలబెట్టి, పాత చీరలు చుట్టి ఉంచాడు. మేము అటు పక్కింటి గుమ్మానికీ ఇటు పక్కింటి గుమ్మానికీ మల్లుగుడ్డ పేలికలు కట్టి, గాలివేళ అయ్యేదాకా అరుగు మీద కూర్చున్నాం.

పొద్దు వాలగానే పడమటి గండిలోంచి గాలి వచ్చింది. రెండు పేలికలూ లేచాయి, అంటే గూడు పక్కిళ్ల గాలి ఆపదని లెక్క.

"సుంకన్నా, మగ్గం పేరు చెప్పి దాంట్లో మంచం ఏసుకున్నావంటే నేనే వచ్చి పీకేస్తా" అన్నాడు ఓబుళరెడ్డి.

"మీకీ ఒక పక్క చోటు ఇస్తాలే మేస్త్రీ. గుర్రు మాత్రం పెట్టగూడదు."

ఇరుపక్కలా అభ్యంతరం ఉందా అని నేను మూడుసార్లు అడిగాను. లేదన్నారు. సడలింపు ఇచ్చి సంతకం పెడుతుండగా వీధి దిగువ నుంచి ఒకామె వచ్చింది. కొంగు కింద పసికందు. ఇరవై రోజులైనా నిండి ఉండవు.

"నాకుండాది మేడం అభ్యంతరం" అంది.

పేరు మారెమ్మ. వీధిలో ఆఖరి ఇల్లు. తూర్పు కొస. సుంకన్న ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య చాలా గుమ్మాలున్నాయి.

"నువ్వు పక్కింటిదానివి కావు. పక్కింటివాళ్లకే అభ్యంతరం చెప్పే హక్కు" అని నియమం చదివి వినిపించాను.

"గాలి పక్కింటికాడికి వచ్చి నిలబడిపోతాదా అవ్వా? మాయింట్లో సాయంత్రం వట్టివేళ్ల తడికెలు తడిపితే తెల్లారినా తడి తడిగానే ఉంటాండాయి. రోహిణికి ఈ బిడ్డను యాడ పెట్టుకునేది?"

దాని మీద తీర్పు చెప్పే అధికారం బోర్డుకు లేదని చెప్పాను. ఆమె కాసేపు సుంకన్న నమూనా వైపు చూసి వెళ్లిపోయింది.

భరణి, తొమ్మిదో రోజు

పొద్దున్నే తడికెలు తడిపించాను. రెండు కడవల నీళ్లు పట్టాయి. నీటి వంతులో మిగిలినదానితో వంట. మా మనవరాలు హంస అటక మీది పాత ఫ్యాన్ రెక్కలు దించి, వాటి మీద వడియాలు పెట్టింది. ఇవి తిరిగేవట కదా అవ్వా, ఎవరు తిప్పేవాళ్లు అని అడిగింది. కరెంటు తిప్పేదన్నాను. ఎండ పలకల్లో పుట్టే కరెంటంతా నీళ్ల పంపుకే సరిపోని ఊళ్లో పుట్టిన పిల్ల. నమ్మినట్టు నవ్వింది.

మా ఆయన మంచం వీధివైపు గూట్లో ఉంటుంది. పక్షవాతం వచ్చిన ఏడాది ఆ గూడు కట్టించాం. అదీ గీత దాటినదే. ఆ దరఖాస్తు విన్న రోజు నేను బోర్డు నుంచి లేచి బయటికి వెళ్లాను. మిగతా ఇద్దరూ పేలికలు చూసి ఇచ్చారు. అంతా సక్రమం.

మారెమ్మ మాట ఆయనకు చెప్పాను. గండివాకిలి ఊరు కట్టేటప్పుడు ఐదు వీధులకూ నీలం గీతలు గీసినవాళ్లలో ఆయన ఒకరు. గీత ఇవతల మనుషులది, అవతల గాలిది అని ఆ రోజుల్లో పిల్లలకు చెప్పేవారు.

ఆయన నోరు ఒక పక్కకు లాగుతుంది. అర్థం కావడానికి నాకు ఇప్పుడు ఇబ్బంది లేదు.

"మేం గీసినప్పుడు కొసన నిలబడితే తలగుడ్డ నిలిచేది కాదు" అన్నారు.

"ఇప్పుడు తడికె ఆరడం లేదంటోంది."

"పోయి చూడరాదా? బోర్డు వాళ్లకు కాళ్లు లేవా?"

దరఖాస్తు లేని చోటికి బోర్డు వెళ్లదు. ఆ మాటే అన్నాను. ఆయన గోడ వైపు తిరిగారు.

కృత్తిక కార్తె, ఐదో రోజు

మారెమ్మ అత్త గంగవ్వ నిన్న మధ్యాహ్నం చనిపోయింది. వయసైంది, మంచంలో ఉంది నిజమే. కానీ శవాన్ని కడగడానికి వెళ్లిన మస్తాన్‌బీ చెప్పింది, ఒంటి మీద చెయ్యి పెడితే పొయ్యి మీది పెనంలా ఉందట.

"ఆ గదిలో పావుగంట ఉండలేకపోయినా మేడం. దాంట్లోనే ఆ పసోడు. మాటిమాటికీ తడిగుడ్డ చుడతాండాది. గుడ్డ వేడెక్కుతాండాది, తీస్తాండాది, మళ్లా చుడతాండాది."

ఇవాళ మూడో వీధిలోనే నీళ్లతొట్టి గోడకు ఇంకో దరఖాస్తు వచ్చింది. మారెమ్మ మళ్లీ వచ్చి నిలబడింది. మళ్లీ నియమం చదివాను. ఈసారి ఆమె వాదించలేదు. "ఇంగోసారి చదవండి అవ్వా" అంది. చదివాను. పెదవులు కదుపుతూ విన్నది.

ఆ దరఖాస్తును మాత్రం వాయిదా వేశాను.

కృత్తిక, ఆరో రోజు

గాలివేళకు ఒక పేలిక పట్టుకుని ఒక్కదాన్నే కొసకు వెళ్లాను. మారెమ్మ గుమ్మానికి కట్టాను. కదల్లేదు. పక్క గుమ్మానికి కట్టాను. అక్కడా అంతే. అలా ఒక్కొక్క ఇల్లూ పడమటికి నడిచాను. వీధి సగం దాటాక పేలిక కొస కొంచెం వణికింది. సుంకన్న ఇంటి దగ్గర లేచింది. మా ఇంటి దగ్గర బాగా ఎగిరింది. వీధి మొదట్లో చేతిలోంచి లాక్కునేటట్టు కొట్టుకుంది.

ఇంటికొచ్చి వీధి పటం మీద సడలింపులన్నీ గుర్తు పెట్టాను. నలభై ఒకటి. ఒక్కటీ అక్రమం కాదు. ప్రతిసారీ కట్టబోయే గూడు పక్కన పేలిక కట్టి, ఆ పూట ఉన్న గాలితో పోల్చి చూశాం. పోయినేటి గూడు తినేసిన గాలిని లెక్కలోకి తీసుకోలేదు. అది అప్పటికే లేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు. పక్కింట్లో పేలిక లేచింది కదా అని ఇచ్చుకుంటూ పోయాం. వీధి పొడుగునా గాలిని గుక్కలు గుక్కలుగా తాగేస్తూ వచ్చాం. కొసకు చేరేది ఏమీ లేదు.

హంసకు పటం చూపించాను. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదానివి, ఇది కూడిక కాదా అవ్వా అంది. పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదన్నాను. కూడికేనని కూడా చెప్పాను.

కృత్తిక, పదో రోజు

ఇచ్చిన సడలింపును బోర్డు వెనక్కి తీసుకునే వీలు లేదు. అది మనిషికి ఇచ్చేది కాదు, ఇంటికి ఇచ్చేది. ఇల్లున్నంత కాలం ఉంటుంది. ఇంటివాళ్లే వచ్చి వదులుకుంటే తప్ప పోదు. అందుకని నాలుగు రోజులుగా ఇల్లిల్లూ తిరిగి అడుగుతున్నాను.

సుంకన్న మర్యాదగానే మాట్లాడాడు.

"అవ్వా, నా మగ్గం పీకేస్తే మారెమ్మకు గాలి పోతాదని రాసిస్తారా? ఇస్తే రేపే పీకుతా."

రాసివ్వలేను. ఏ ఒక్కటి తీసినా కొసకు గాలి చేరదు. అన్నీ తీస్తేనే చేరుతుంది. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. అందుకే ప్రతి ఇంట్లోనూ ముందు పక్కవాళ్లను అడగమన్నారు. ఒకామె నవ్వుతూ, "మీ ఇంట్లో గూడు పీకినారా అవ్వా?" అంది.

మా ఇంట్లో ఆ మాట ఎత్తాను. తాతకు గంజి పడుతున్న హంస ఉగ్గిన్నె కింద పెట్టి లేచింది.

"అబ్బను లోపలి గదిలో పెడతావా? పెట్టు. ఎన్ని రోజులుంటాడో నువ్వే లెక్క కట్టు."

ఆయన వింటూనే ఉన్నారు. నేను మళ్లీ ఎత్తలేదు.

పురసభ అధ్యక్షుడి దగ్గరికి వెళ్లాను. ఆయనది ఒకటో వీధిలో మొదటి ఇల్లు. కిటికీ రెక్కలు గాలికి కొట్టుకోకుండా తాళ్లతో కట్టి ఉన్నాయి. నియమం మార్చాలంటే సభ కూర్చోవాలి, రోహిణి దాటనీయండి అన్నాడు.

కృత్తిక, పన్నెండో రోజు

మారెమ్మ దరఖాస్తు పెట్టింది.

కొస ఇంట్లో గాలి లేదు కాబట్టి మూడో వీధి పడమటి మొదట్లో, ఉమ్మడి స్థలంలో, తడికెల గుడిసె వేసుకోవడానికి సడలింపు కావాలని. వెడల్పు వీధి అంత. మనిషి నడవడానికి ఒక పక్క దారి వదులుతుంది. నియమం ప్రకారం ఇబ్బంది స్థలానిదై ఉండాలి, మనిషిది కాకూడదు. ఆమె బిడ్డ ఊసు రాయలేదు. స్థలం ఊసే రాసింది. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు.

"ఇదెవరు చెప్పారు నీకు?"

"మీరే గదా అవ్వా. మూడుసార్లు చదివి వినిపించినారు."

అక్కడ ఒక పక్క ధాన్యం కొట్టు, ఇంకో పక్క పంపుహౌసు. రెండింట్లోనూ ఎవరూ కాపురం ఉండరు. అంటే పక్కింటివాళ్లు లేరు.

కృత్తిక, ఆఖరి రోజు

విచారణ వీధి మొదట్లో జరిగింది. మారెమ్మ, ఆమె పెనిమిటి తిప్పన్న వెదురు నిలబెట్టి తడికెలు కట్టి, వాటిని తడిపి ఉంచారు. బిడ్డ లోపల చాప మీద ఉన్నాడు. మెడ నిండా పొక్కులు. ఏడ్చే ఓపిక లేక నోరు మాత్రం తెరుస్తున్నాడు.

ధాన్యం కొట్టు తలుపుకూ పంపుహౌసు తలుపుకూ పేలికలు కట్టాం. మూడో వీధి జనమంతా వచ్చి నిలబడ్డారు. గాలి వచ్చింది. రెండు పేలికలూ లేచాయి. తడికెల్లోంచి గాలి లోపలికి దూరింది. కాసేపటికి బిడ్డ నోరు మూసుకుని నిద్రపోయాడు.

వీధిలోకి మాత్రం ఏమీ వెళ్లలేదు. మా వెనక నిలబడిన జనం చెమటలు కారుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇరుపక్కలా అభ్యంతరం ఉందా?" అని అడిగాను.

ఒక్కసారిగా అరుపులు. ఇంట్లో ముసలివాళ్లున్నారని ఒకరు, చూలాలుందని ఒకరు. సుంకన్న ముందుకొచ్చాడు.

"ఇదేం న్యాయం అవ్వా? ఒక్క బిడ్డ కోసరం వీధంతా సావాల్నా?"

మారెమ్మ తడికె పక్క నుంచి తల బయటపెట్టింది. "మా అత్త సచ్చినప్పుడు మీరెవురూ వీధి అనుకోల్యా గదన్నా. మేము మటుకు వీధి కామా?"

"నీకి బిడ్డను సాకే ముఖమైతే యాడికన్నా పోయి బతుకు! మా నోట్లో మన్ను కొట్టొద్దు!" అని ఎవరో ఆడమనిషి.

"యాడికి పోతానక్కా? గండి అవతల నీళ్లున్నాయా? నువ్వు పొయ్యి చూసొచ్చి చెప్పు, నేను పోతా."

నేను చెయ్యెత్తి ఆపాను. "మీలో ధాన్యం కొట్టులో కాపురం ఉండేవాళ్లెవరు? పంపుహౌసులో కాపురం ఉండేవాళ్లెవరు?"

అందరూ ధాన్యం కొట్టు తలుపు వైపు చూశారు.

"అయితే మీరు పక్కింటివాళ్లు కారు. మీ అభ్యంతరం తీసుకోవడానికి లేదు" అన్నాను. మరో రెండుసార్లు అడిగాను. నియమం మూడుసార్లు అడగమంటుంది.

ఓబుళరెడ్డి నా చెవి దగ్గరికి వంగాడు. "కాత్యాయనమ్మా, మన ముగ్గురి ఇండ్లూ ఈ వీధిలోనే ఉండాయి. నీ మొగుడు గూట్లో పడుకోనుండాడు. తెలుస్తాందా?"

"మన ఇళ్లు దీని పక్కన లేవు. కాబట్టి మనకు ఇందులో స్వార్థం లేదని నియమం."

"నియమం నియమం అని..." అని ఆగిపోయాడు. ఆయన ఒప్పుకోనని చెప్పాడు. మస్తాన్‌బీ ఇమ్మంది. నేను ఇమ్మన్నాను. ఇద్దరికి ఒకరు. ఉత్తర్వు రాసి సంతకం పెట్టాను. బోర్డు ఉత్తర్వు మీద చెయ్యి వేసినవాళ్ల ఇంటికి నీటి వంతు ఆగిపోతుంది. ఆ సంగతి గట్టిగా చదివి వినిపించాను. చాలామంది చేతుల్లో కర్రలున్నాయి మరి.

మారెమ్మకు దండం పెట్టే అలవాటు లేదనుకుంటాను. ఉత్తర్వు తీసుకుని రెండు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది.

"గీత దాటినయ్యన్నీ పోయినరోజు నేనే పీకేసుకుని మాయింటికి పోతా. నలభై ఒకటంట గదా. మీ మనవరాలు చెప్పింది" అంది.

రోహిణి కార్తె, రెండో రోజు

నిన్న వీధిలో మధ్యాహ్నం ఒక్కరూ నిద్రపోలేదు. తడికెలు తడిపితే తెల్లారినా ఆరలేదు. ముట్టుకుని చూశాను. చల్లగా లేవు, ఉత్త తడిగా ఉన్నాయి. మా ఆయన నిన్నటి నుంచి గంజి తప్ప ముట్టలేదు.

పొద్దున్న ఆయన మంచం పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆయనే మొదలుపెట్టారు.

"సుత్తి ఉందా ఇంట్లో?"

"ఉంది."

"నా గీత మీద నేనే పడుకున్నా ఇన్నాళ్లూ. లేపు నన్ను."

హంస ఏడుస్తూనే ఒక చెయ్యి వేసింది. ఓబుళరెడ్డి పిలవకుండానే వచ్చాడు. నాతో మాట్లాడలేదు. మా ఆయన్ను లోపలి గదిలోకి మార్చి, మధ్యాహ్నానికల్లా గూడు కూల్చేశాం. ఇటుకలు వరసగా గోడ వారగా పేర్చాను. సడలింపు వదులుకుంటున్నట్టు నేనే రాసి, నేనే స్వీకరించకూడదు కాబట్టి మస్తాన్‌బీ చేత స్వీకరింపజేశాను.

కూల్చుతున్న చప్పుడుకు జనం వచ్చి చూశారు. సాయంత్రానికి సుంకన్న వచ్చాడు. మగ్గం విప్పేశాడట.

"సంతకం యాడ పెట్టాల్నో చెప్పండి" అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

రోహిణి, ఏడో రోజు

ఇరవై తొమ్మిది గూళ్లు పోయాయి. వీధి అంతా సున్నం దుమ్ము. ఇంకా పన్నెండున్నాయి. ఆ పన్నెండు ఇళ్లవాళ్లు పురసభ కూర్చుంటుంది, నియమం మారుతుంది, మారెమ్మ ఉత్తర్వు కొట్టేస్తారు అని ఎదురుచూస్తున్నారు. సభ కూర్చుంది కూడా. ఇకనుంచి దరఖాస్తు పెడితే వీధి మొత్తానికీ కబురు చెప్పాలని నియమం మార్చింది. అది ఇకనుంచి ఇచ్చేవాటికే వర్తిస్తుంది. ఇచ్చినవి ఇచ్చినట్టే ఉంటాయి. ఆ పన్నెండూ ఉంటాయి, మారెమ్మదీ ఉంటుంది.

గుడిసె దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాను. బిడ్డ మెడ మీది పొక్కులు మానిపోయాయి. పాలు బాగా తాగుతున్నాడట.

"ఇరవై తొమ్మిది పోయాయి, మారెమ్మా."

"పన్నెండు ఉండాయి గదా అవ్వా."

"రవ్వంత పక్కకు జరగగలవా? వీధి సగానికైనా..."

"సగానికి వస్తే ఆ పన్నెండు మంది ఇంగ పీకుతారా? మీరే చెప్పండి."

పీకరు. ఆమె చెంబుతో తడికెలు తడుపుకుంది.

రోహిణి, పదకొండో రోజు

మా ఆయన తెల్లవారుజామున పోయారు. లోపలి గదిలోనే. రెండు రోజులుగా ఒళ్లు కాలుతూ ఉంది. తడిగుడ్డ చుడితే వేడెక్కేది. తీసేదాన్ని, మళ్లీ చుట్టేదాన్ని.

శ్మశానం గండి అవతల. పాడె వీధి మొదటినుంచే పోవాలి. మారెమ్మ వదిలిన దారిలో మనిషి పడతాడు కానీ పాడె పట్టదు. పొద్దు వాలాక బయలుదేరాం. ముందు కుండ పట్టుకుని హంస, పాడె కింద ఓబుళరెడ్డి, సుంకన్న, తిప్పన్న, ఇంకొకరు. తిప్పన్నను ఎవరూ పిలవలేదు, తనే వచ్చి భుజం పెట్టాడు. వీధి జనం వెనకనే వస్తున్నారు.

గుడిసె దగ్గరికి చేరేసరికి మారెమ్మ తడికెలన్నీ పైకి చుట్టి కట్టేసి, బిడ్డను కొంగు కింద దాచుకుని ఒక పక్కగా నిలబడి ఉంది. గాలివేళ అది. గండిలోంచి గాలి అడ్డం లేకుండా వీధిలోకి దూకింది. పాడె మీది పూలు లేచిపోయాయి. గోడల వారనున్న సున్నం దుమ్మంతా తూర్పుకు కొట్టుకుపోయింది. చాలా ఏళ్ల తర్వాత కొస ఇళ్ల తలుపులు టపటపా కొట్టుకోవడం ఇక్కడికి వినబడింది.

వెనక్కి చూశాను. పాడె వెంట రావలసిన జనం వీధి మధ్యలో ఆగిపోయారు. మొహాలు పైకెత్తి, కళ్లు మూసుకుని నిలబడ్డారు. ఆడవాళ్లు లోపలి నుంచి పిల్లల్ని ఎత్తుకొచ్చారు. మంచాలు కూడా తెచ్చారు. ఒక్కరూ గుడిసె దాటి మా వెంట రాలేదు.

పాడె గుడిసె దాటింది. మారెమ్మ నా పక్కకు వచ్చింది.

"అవ్వా, మీరు తిరిగొచ్చేదాకా ఎత్తే పెడతా. వీళ్లనీ రవ్వంతసేపు ఊపిరి తీసుకోనీ."

గాలి పొడిగా, వేడిగా ఉంది. తడికె లేకపోతే అది పొయ్యి ఊదినట్టే. ఆమె కొంగు తొలగించి చూశాను. బిడ్డ మొహం ఎర్రగా కమిలింది. నోరు తెరిచి ఉన్నాడు, ఏడుపు రావడం లేదు.

వీధిలోంచి ఎవరో, "ఉండనీ అవ్వా, రవ్వంతసేపు!" అని కేకేశారు.

"దించు" అన్నాను.

ఆమె కదల్లేదు. వీధి వైపు చూస్తోంది.

"దించమన్నాను. ఉత్తర్వు నీ ఇంటికి ఇచ్చాను, వీధికి ఇవ్వలేదు."

తాళ్లు విప్పింది. తడికెలు ఒకదాని తర్వాత ఒకటి దిగాయి. లోపల ఆమె నీళ్లు చల్లుతున్న చప్పుడు వినబడింది. ఓబుళరెడ్డి భుజం మార్చుకుని నా వైపు చూశాడు. నడవమన్నాను.